సోలెడు నీళ్ల బరువు

మిషన్ మీద నుంచి లేచేటప్పటికి నేను నలభై ఆరు కిలోలు ఉండాలి. డయాలసిస్ సెంటర్లో దాన్ని డ్రై వెయిట్ అంటారు. ఒంట్లో అదనపు నీళ్లేవీ లేనప్పుడు మనిషి తూగే అసలు బరువు అన్నమాట. రెండు కిడ్నీలూ పని మానేశాక తాగిన నీళ్లు బయటికి పోయే దారి ఉండదు. లోపలే ఉండిపోతాయి. లీటరు తాగితే కిలో పెరుగుతాను. వారానికి మూడుసార్లు అమలాపురం వెళ్లి, నాలుగు గంటలు కుర్చీలో వెనక్కి వాలి, ఆ నీళ్లను మిషన్ చేత తోడించుకుని వస్తాను. సోమ, బుధ, శుక్రవారాలు. పెళ్లికి వెళ్లినా, చావుకు వెళ్లినా మర్నాటికి అమలాపురం చేరగలిగినంత దూరమే వెళ్లాలి. అంతకు మించి ఉన్న ఊళ్లన్నీ నాకు లేనట్టే.

గ్రాముల లెక్క నాకు జబ్బుతో రాలేదు, కేకులతో వచ్చింది. మాది రాజోలు దగ్గర. పెళ్లయ్యాక గోదావరి పాయల మధ్యనున్న ఒక లంక ఊరికి వచ్చాను. మా ఆయన ఐ.పోలవరం వైపు రొయ్యల చెరువుల మీద పనిచేస్తారు. మేత వేయించడం, నీళ్లు పరీక్ష చేయడం ఆయన పని. వారంలో సగం రోజులు చెరువు గట్టు మీదే ఉంటారు. ఇంట్లో నేనూ అత్తగారూ. పిల్లలు లేరు. ఊసుపోక ఫోన్లో చూసి కేకులు నేర్చుకున్నాను. వీడియోలో కొందరు కప్పుల్లో చెప్పేవారు, కొందరు గ్రాముల్లో చెప్పేవారు. మొదటిసారి రెండు వందల గ్రాముల మైదా అన్నచోట, గీతలున్న ప్లాస్టిక్ జగ్గులో రెండు వందల మిల్లీలీటర్ల గీత దాకా మైదా పోశాను. కేకు పొంగినట్టే పొంగి నడుమ కూలిపోయింది. అత్తగారు ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "దిబ్బరొట్టి ఇంతకంటే బాగుంటది కదమ్మా" అన్నారు.

అప్పుడు చిన్న డిజిటల్ కాటా తెప్పించుకున్నాను. ఒకటే కప్పుతో ఇంట్లో ఉన్నవన్నీ కొలిచి తూచాను. మైదా నూట పాతిక గ్రాములు తూగింది. పంచదార రెండు వందలు. వెన్న ఇంకాస్త ఎక్కువ. కోకో పొడి వంద కూడా లేదు. ఒకటే గిన్నెలో పట్టే ఇనుమూ దూదీ ఒకటే బరువు ఉండవని బడిలో చదివిందే. కానీ చేత్తో పోసి, అంకె మారడం చూసినప్పుడు ఏదో కొత్త సంగతి తెలిసినట్టు అనిపించింది. ఆ ఊపులో అత్తగారి సోలను కూడా వదల్లేదు. ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి సోల అది. వంటింట్లో ఆవిడకు అన్నిటికీ అదే కొలత. దాని నిండా నీళ్లు మూడు వందల గ్రాములు. బియ్యం రెండు వందల అరవై. నూనె రెండు వందల డెబ్బై అయిదు. కల్లుప్పు మూడు వందల ముప్ఫై. అటుకులు వంద.

"ఎప్పుడూ సోలెడే కదమ్మాయ్, దానికి ఇన్ని అంకెలెందుకు?" అన్నారు ఆవిడ.

ఆ తర్వాత నా కేకులు కూలిపోలేదు. పుట్టినరోజులకు ఊళ్లోవాళ్లు అడిగేవారు, తర్వాత అమలాపురం నుంచి కూడా అడిగేవారు. స్కూటీ ముందు పెట్టె పెట్టుకుని, పాయ మీది కాజ్‌వే దాటి, కాలవ గట్టు వెంట వెళ్లి ఇచ్చి వచ్చేదాన్ని. తిరిగి వచ్చేటప్పుడు కావాలనే చుట్టుదారి పట్టేదాన్ని. ఆలస్యమైందేమని ఎవరూ అడిగేవారు కాదు.

రెండేళ్లకు కాళ్లు వాయడం మొదలైంది. బీపీ మాత్రలు వేసుకున్నాను. మొహం ఉబ్బింది, అన్నం చూస్తే వాంతి వచ్చేది. కాకినాడలో పరీక్షలు చేసి, కిడ్నీలు చిన్నవైపోయాయి, ఇక తిరిగి రావు అన్నారు. ఎడమ చేతికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు రెండిటిని కలిపారు. సూదులు గుచ్చడానికి అది. ఫిస్టులా అంటారు. దాని మీద వేలు పెడితే లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు ఉంటుంది. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు. కేకు పిండి కలపడం అక్కడితో ఆగింది.

ఆహారం గురించి చెప్పే మేడం నన్నూ అత్తగారినీ కూర్చోబెట్టి చెప్పారు. రోజుకి ముప్పావు లీటరు నీళ్లు, కాఫీ, మజ్జిగ, చారు అన్నీ అందులోనే. ఉప్పు అయిదు గ్రాములు దాటకూడదు. కొబ్బరి నీళ్లు, అరటిపండు ముట్టుకోకూడదు. వాటిలో పొటాషియం ఎక్కువ, అది మీ ఒంట్లోంచి పోదు, పేరుకుంటే గుండె ఆగిపోతుంది అన్నారు. మా పెరట్లో ఉన్నవి ఆ రెండే. అత్తగారు, "అయిదు గ్రాములంటే ఎంతండి?" అని అడిగారు. ఆ మేడం "ఒక టీ స్పూనండి" అన్నారు. మెత్తటి ఉప్పు స్పూను ఆరు తూగుతుంది, కల్లుప్పు రవ్వల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి అయిదు లోపే అని నాకు తెలుసు. కానీ నోరు విప్పే ఓపిక లేదు.

ఇంటికి వచ్చాక కాటా మళ్లీ బయటికి తీశాను. ఈసారి నా కోసం. సోలెడు బియ్యం వండకముందు తూచాను, వండాక తూచాను. రెండు వందల అరవై గ్రాములు దాదాపు ఏడు వందలైంది. పెరిగిందంతా నీళ్లే. అంటే అన్నం తింటున్నాననుకుంటూ నీళ్లు తింటున్నాను. ఇడ్లీ అంతే, ఉప్మా అంతే, పుచ్చకాయ అయితే చెప్పక్కర్లేదు. పళ్లెంలోకి ఏది వచ్చినా అందులో నీళ్లెన్ని అని చూడడం అలవాటైపోయింది. రుచి తర్వాత గుర్తొచ్చేది.

అత్తగారు నాకు కాపలా అయ్యారు. పొద్దున్నే ఒక సీసాలో ఆ రోజుకు నీళ్లు పోసి గూట్లో పెట్టేవారు. గ్లాసులన్నీ తీసేసి, చిన్న స్టీలు గ్లాసు ఒకటి ఉంచారు. నేను బాత్రూంలో ముఖం కడుక్కుంటుంటే తలుపు అవతల నిలబడేవారు. కొళాయి చప్పుడు ఎక్కువసేపు వినిపిస్తే, "అయిందా అమ్మాయ్?" అనేవారు. కోపంగా కాదు. మామూలుగా అడిగినట్టే. ఆ మామూలుతనానికే నాకు ఒళ్లు మండేది. మా ఆయనతో చెబితే, "నీ మంచికేగా" అనేవారు. అవును, నా మంచికే. ఆ మాటకు ఎదురు చెప్పడానికి ఏముంది? అందరూ నా మంచి కోరేవాళ్లే. ఒక్కరు కూడా ఒక్క గంట నన్ను నా మానాన వదిలేవారు కాదు.

ఏటా మా లంకకు గోదావరి వస్తుంది. కాజ్‌వే మునుగుతుంది, నాటు పడవలు తిరుగుతాయి, పడవ దాటి అవతలి గట్టున ఆటో ఎక్కి డయాలసిస్‌కి వెళ్లిపోయేదాన్ని. ఆ ఏడు కూడా అలాగే అనుకున్నాం. శుక్రవారం మిషన్ మీద నుంచి లేచి నలభై ఆరు కిలోలతో ఇంటికి వచ్చేటప్పటికి కాజ్‌వే మీద పాదాలు తడిసేటంత నీళ్లున్నాయి. శనివారం మా ఆయన చెరువు దగ్గరే ఉండిపోయారు. గట్లు తెగకుండా ఇసుక బస్తాలు వేయిస్తున్నారు. వాన లేదు. ఎండ కాస్తోంది. ఎక్కడో పైన కురిసిన వాన, ఎండలో మెరుస్తూ ఎర్రగా వచ్చేస్తోంది.

ఆదివారం తెల్లారేసరికి గుమ్మంలోకి నీళ్లు వచ్చాయి. పొరుగువాళ్లు సాయం పట్టారు. గ్యాస్ పొయ్యి, బియ్యం బస్తా, ఖాళీ నీళ్ల టిన్నులు, పరుపు, నా మందులు మేడ మీద గదిలోకి చేర్చాం. ఆ గది, దాని ముందు డాబా, ఇక అంతే. మధ్యాహ్నానికి కింద కిటికీలు సగం మునిగాయి. అప్పుడు గుర్తొచ్చింది నాకు. నేను రోజూ నిలబడి బరువు చూసుకునే మిషను మంచం కింద ఉండిపోయింది. వంటింటి కాటా కింది అరలో.

సోమవారం ప్రవాహం చూసి పడవలు ఆపేశారు. కాజ్‌వే దగ్గర సుడులు తిరుగుతోందని, ఎవరూ దిగొద్దని మైకులో చెప్పారు. నేను కుర్చీలో ఉండాల్సిన సమయానికి డాబా మీద నిలబడి, కొబ్బరి చెట్ల మొదళ్లు కనిపించని తోటను చూస్తున్నాను. సెంటర్లో నాకు సూదులు పెట్టే టెక్నీషియన్‌కి ఫోన్ చేశాను. నాకంటే చాలా చిన్నవారు, అండీ లేకుండా మాట్లాడరు.

"కంగారు పడకండి మేడంగారండి. నీళ్లు సగానికి తగ్గించెయ్యండి. అరటిపండు, కొబ్బరి బొండాలు, పప్పు, టమాటా ముట్టుకోకండి. అన్నం, పంచదార, నెయ్యి, అంతేనండి. బరువెంతుందో రోజూ చూసి చెప్పండి."

"చూసుకునే మిషను మునిగిపోయిందండి."

"అయితే కాళ్లు చూసుకోండి. పడుకుంటే ఆయాసం వస్తందేమో చూసుకోండి. నాలుగు కిలోలు దాటకూడదండి మరి. దాటితే ఊపిరితిత్తుల్లోకి వెళ్లిపోద్ది నీరు."

దాటిందో లేదో ఎలా తెలుస్తుందో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

నీళ్లు సగమంటే రోజుకి సోలెడు, ఆపైన నాలుగు గుక్కలు. స్పూనుతో తాగాను. స్పూను నీళ్లు అయిదు గ్రాములు. సోలకు అరవై స్పూన్లు. మాత్రలు మింగడానికే పది పోయేవి. అత్తగారు బియ్యం కడగబోతే వద్దన్నాను. అన్నంలో నీళ్లు చేరతాయి, అటుకులు పొడిగానే తింటాను, పంచదార నెయ్యి కలపండి చాలన్నాను. ఆవిడ సోల నిండా, పైన గోపురం నిలిచేటట్టు అటుకులు పోశారు. నేను అరచేత్తో పైన గీసి, మిగిలినవి డబ్బాలోకి తోశాను.

"ఇంట్లో మనిషికి గీసి కొలుస్తారా ఎవరైనా?" అన్నారు ఆవిడ.

"గీస్తేనే వందండీ. గోపురం పెడితే ఎంతో నాకు తెలీదు."

పొడి అటుకులు నోట్లో మట్టిలా తిరిగాయి. మింగడానికి రెండు స్పూన్ల నీళ్లు పోయాయి.

ఊరికి తాగునీళ్లు లేవు. పొరుగు డాబా వాళ్లు మునిగిన చెట్ల దగ్గరికి ఈదుకుంటూ వెళ్లి బొండాలు దింపారు. మా డాబా మీదికీ ఓ గెల విసిరారు. అందరూ వాటి మీదే బతికారు ఆ నాలుగు రోజులూ. అత్తగారు బొండాం తీసుకుని, కత్తి పట్టుకుని, మెట్లు దిగి మలుపు దగ్గర నీళ్లకు పైమెట్టు మీద కూర్చుని కొట్టుకుని తాగేవారు. ఖాళీ బొండాం వరదలోకి వదిలేసి, కొంగుతో మూతి తుడుచుకుని పైకి వచ్చేవారు. ఏమీ జరగనట్టు. మొదటి రోజు నేను చూడనట్టు ఊరుకున్నాను. కానీ నాకు చప్పుడు వినిపించేది. కత్తి దెబ్బలు, తర్వాత కాసేపు నిశ్శబ్దం, తర్వాత బొండాం నీళ్లలో పడ్డ చప్పుడు. ఆ మధ్య నిశ్శబ్దంలో ఆవిడ తాగుతున్నారని తెలుసు. చుట్టూ కనుచూపు మేర నీళ్లు, కాళ్ల దగ్గర బొండాల గెల, గొంతులో ఉమ్మి కూడా లేదు. ఆవిడ అలా దాక్కుని తాగడం నాకు ఇంకా ఊపిరాడకుండా చేసింది. నాకోసం మరో మనిషి తన ఇంట్లో తాను దొంగలా మెట్ల మీద కూర్చుంటోంది.

మంగళవారం పొద్దున ఆవిడ బొండాం తీసుకుని లేవగానే అన్నాను. "అత్తయ్యగారూ, ఇక్కడే తాగండి."

"ఫర్వాలేదమ్మా, కిందే గాలొస్తంది."

"కింద వరద కంపు. ఇక్కడ కూర్చోండి. నా ఎదురుగా తాగండి."

ఆవిడ నా మొహం చూశారు. "నీకు బాధ కాదా?"

"మీరు దాక్కుంటే ఎక్కువ బాధ."

ఆవిడ కూర్చున్నారు. బొండాం కొట్టి, రెండు చేతులతో ఎత్తి తాగారు. నేను చూస్తూ కూర్చున్నాను. గొంతు కదలడం చూశాను. గడ్డం మీదుగా ఒక ధార జారి మెడ మీద పడింది. అది చూస్తే ఏడుపు వచ్చింది, కానీ కన్నీళ్లు పెద్దగా రాలేదు. తాగడం అయ్యాక ఆవిడ బొండాం పక్కన పెట్టారు.

"బాత్రూం బయట నిలబడతానని నీకు నా మీద కోపం కదూ," అన్నారు.

"ఆయ్," అన్నాను. అబద్ధం చెప్పేంత తేమ కూడా నోట్లో లేదు.

"నాకూ ఇష్టమై నిలబడలేదమ్మా. లోపల ఏం జరుగుతుందో తెలీక నిలబడేదాన్ని." అప్పటిదాకా ఆ తలుపుకి ఇవతల నేనొక్కదాన్నే బందీననుకున్నాను.

మధ్యాహ్నానికి నా కాళ్ల మీద వేలు నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. రెండు తలగడలు ఎత్తు పెట్టుకుంటే తప్ప పడుకోలేకపోతున్నాను. మా ఆయన ఫోన్ చేశారు. ప్రభుత్వం వాళ్లు మోటారు పడవలు తెచ్చారట, కానీ ముందు గర్భిణులను, మంచాన పడ్డవాళ్లను తీసుకెళ్తున్నారట. నీ పరిస్థితి ఎలా ఉందని అడిగితే ఏం చెప్పాలి అన్నారు. బాగాలేదు అంటే ఊళ్లో ఎవరికి బాగుంది? ఎంత పెరిగానో అంకె చెప్పగలిగితే డాక్టరుగారే వాళ్లతో మాట్లాడతారు అన్నారు.

ఫోన్ పెట్టేసి డాబా అంతా చూశాను. పొడవాటి బల్ల ఒకటుంది, ధాన్యం బస్తాలు నేల తగలకుండా వేసుకునేది. మూలన రోకలి ఉంది. ఇరవై లీటర్ల టిన్నులు నాలుగు, బకెట్లు రెండు. అత్తగారిని పిలిచాను.

"అత్తయ్యగారూ, నన్ను నీళ్లతో తూచాలి."

ఆవిడకు అర్థం కాలేదు. పిల్లలు ఆడుకునే ఉయ్యాల బల్లలా, కింద రోకలి, పైన బల్ల, ఇటు నేను, అటు నీళ్లు అని చెప్పాను. నీళ్లు లీటరుకి కిలో. ఎన్ని లీటర్లతో బల్ల సమంగా నిలిస్తే నేను అన్ని కిలోలు. టిన్నుల బరువు లెక్కలోకి రాకుండా, అటు ఎన్ని పెడితే ఇటు అన్ని ఖాళీవి నా ఒళ్లో పెట్టుకుంటాను.

"ఇన్ని నీళ్లు ఎక్కణ్ణించి తెస్తామమ్మా?" అన్నారు ఆవిడ. అన్నాక మెట్ల వైపు చూసి నవ్వేశారు. నేనూ నవ్వాను. నాలుగు రోజుల్లో అదే మొదటిసారి.

నేను మోయకూడదు. ఆవిడే మెట్ల మలుపులో బకెట్ ముంచి తెచ్చి, టిన్నుల్లో నింపారు. డెబ్బై ఏళ్ల మనిషి. మధ్యలో ఆగి నడుం పట్టుకునేవారు, మళ్లీ దిగేవారు. ఎర్రటి వరద నీళ్లు. మట్టి కలిసిన నీళ్లు మంచినీళ్లకంటే కాస్త బరువు. కానీ ఆ తేడా గుప్పెడు అటుకులంత కూడా ఉండదనుకున్నాను. బల్ల సరిగ్గా సగానికి రోకలి జరిపి, ఖాళీ బల్ల సమంగా నిలిచేదాకా చూసుకున్నాం. రెండు నిండు టిన్నులు, ఒక ఖాళీ బకెట్ అటు చివర దగ్గరగా పెట్టాం. అంతే దూరంలో ఇటు నేను రెండు ఖాళీ టిన్నులు, ఖాళీ బకెట్ పట్టుకుని కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. నా వైపు బల్ల నేలను తాకి ఉంది.

ఆవిడ పెద్ద గిన్నెలో తెచ్చుకున్న నీళ్లు సోలతో బకెట్‌లో పోయడం మొదలుపెట్టారు. పైకి లెక్కపెడుతూ పోశారు. ఇరవై దాటినా బల్ల కదల్లేదు. ముప్ఫై దగ్గర నా కింద బల్ల కొంచెం తేలింది. ముప్ఫై ఒకటి. ముప్ఫై రెండు. బల్ల గాలిలో నిలిచింది. అటూ ఇటూ మెల్లగా ఊగింది. ఒక పక్క నేను, ఒక పక్క గోదావరి నీళ్లు, సమానంగా.

టిన్నులు రెండూ నలభై. ముప్ఫై రెండు సోలలు, ఒక్కోటి మూడు వందల గ్రాములు, తొమ్మిది కిలోల ఆరు వందలు. మొత్తం నలభై తొమ్మిది కిలోల ఆరు వందలు. నలభై ఆరు తీసేస్తే మూడు కిలోల ఆరు వందల గ్రాములు. అంటే శుక్రవారం నుంచి నాలో చేరిన నీళ్లు పన్నెండు సోలలు. ఆవిడకు అలా చెబితే వెంటనే తెలిసింది. "పన్నెండు సోలలా," అని నా పొట్ట వంకా, కాళ్ల వంకా చూశారు. అవన్నీ ఎక్కడ పట్టాయా అన్నట్టు.

టెక్నీషియన్‌కి ఫోన్ చేసి అంకె చెప్పాను. ఎలా తూచారని ఆయన అడగలేదు. "రేపు పొద్దున్నకల్లా మీరు ఇక్కడ ఉండాలండి," అని ఫోన్ డాక్టరుగారికి ఇచ్చారు. డాక్టరుగారు మా ఆయనతో మాట్లాడారు. మా ఆయన పడవల దగ్గరున్న అధికారితో మాట్లాడించారు. ఆ సాయంత్రం ఏ పడవా రాలేదు. తెల్లార్లూ గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నాను. పడుకుంటే ముంచుతున్నట్టుంది. అత్తగారు నా పక్కనే కూర్చుని, తడి గుడ్డతో పెదాలు అద్దుతూ ఉన్నారు. అద్దిన గుడ్డలో నీళ్లెన్ని అని నేను లెక్క కట్టలేదు.

బుధవారం పొద్దెక్కాక పడవ మా డాబా పక్కకి వచ్చింది. లైఫ్ జాకెట్ వేసుకున్న ఉద్యోగి ఒకాయన, "డయాలసిస్ మేడంగారు మీరేనాండి? ఒక్కరేనా?" అన్నారు.

"ఇద్దరమండి," అన్నాను.

ఇల్లు వదలనని అత్తగారు మొదట అన్నారు. "మీరు రాకపోతే నేనూ ఎక్కను" అన్నాను. అది బెదిరింపే. ఆవిడ తలుపు గొళ్లెం పెట్టి వచ్చి ఎక్కారు. పడవ మునిగిన తోటల మీదుగా వెళ్లింది. పొట్టి కొబ్బరి చెట్ల ఆకులు మా తలలకు అందేంత కిందుగా ఉన్నాయి. అవతలి గట్టున మా ఆయన నిలబడి ఉన్నారు. గడ్డం పెరిగి, చొక్కా అంతా బురద. నా చెయ్యి పట్టుకుని ఆటోలోకి ఎక్కించారు.

సెంటర్లో బరువు చూసే మిషన్ మీద నిలబడితే నలభై తొమ్మిది కిలోల రెండు వందలు చూపించింది. మా లెక్కకు నాలుగు వందల గ్రాములు తక్కువ. టిన్నులు మూతి దాకా నిండలేదేమో అన్నాను. "సోల అంచుదాకా నింపకుండా ఒలికించానేమోనమ్మా," అన్నారు అత్తగారు, తప్పు తనదన్నట్టు. మా ఆయన మా ఇద్దరి వంకా అర్థంకానట్టు చూశారు. రక్తంలో పొటాషియం ఎక్కువే ఉంది, ఇంకో రోజు ఆగితే కష్టమయ్యేదని డాక్టరుగారన్నారు. ఆ రోజు మిషన్ నా నుంచి మూడు లీటర్లు లాగింది. చివరి గంటలో పిక్కలు పట్టేసి అరిచాను. అత్తగారు లోపలికి వచ్చి నా పాదాలు నొక్కుతూ నిలబడ్డారు. అక్కడ ఎవరూ ఆవిణ్ని బయటికి వెళ్లమనలేదు.

వరద తీశాక ఇంటికి వెళ్లి చూస్తే కాటా లోపల ఒండ్రు గట్టిపడి ఉంది. గోడల మీద నా భుజం ఎత్తున గీత. కడిగి, సున్నం వేసి మళ్లీ అక్కడే ఉన్నాం. కానీ ఆషాఢం వచ్చేసరికి అమలాపురంలో సెంటర్‌కి నడిచివెళ్లే దూరంలో ఒక గది అద్దెకు తీసుకోవడం అలవాటు చేసుకున్నాం. నేనూ అత్తగారూ గోదావరి తీసేదాకా అక్కడే. ఆ గదికి ఒకటే కిటికీ, దాని ముందు పక్కింటి గోడ. లంకలో నీళ్లు చుట్టూ ఉండేవి, ఇక్కడ గోడలు. కిడ్నీ కోసం పేరు రాయించుకున్నాం. మా ఆయనది ఇవ్వడానికి కుదరదన్నారు, రక్తం కలవలేదు. పిలుపు వస్తే వస్తుంది. ఫోన్ మోగినప్పుడల్లా ముగ్గురం ఒకేసారి దాని వంక చూస్తాం.

అత్తగారు బాత్రూం బయట నిలబడడం మానేశారు. వంటగట్టు మీద గ్లాసులన్నీ మళ్లీ వచ్చాయి. ఇప్పుడు నేనే సీసాలో నీళ్లు కొలిచి పోసుకుంటాను. అలా కొలుచుకోవడం నాకు ఇష్టమని అనను. ఎవరో కొలవడంకంటే నయం, అంతే.

మొన్న సోమవారం నా ఎదుటి కుర్చీలోకి కొత్తగా ఒకావిడ వచ్చింది. కొత్తపేట వైపు వాళ్లు. కాలేజీ చదివే కూతురు పక్కన కూర్చుని ఉంది. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి, "ఆంటీ, ఇడ్లీలో నీళ్లెన్ని ఉంటాయండి? అమ్మ రెండు తింటుంది పొద్దున," అని అడిగింది.

"బరువులో సగం పైన నీళ్లేనమ్మా. చిన్నవైతే రెండింటికీ కలిపి అర గ్లాసు లోపే," అని చెప్పాను. అన్నం వండకముందు, వండాక తూచి చూడమన్నాను. అటుకుల గురించి చెప్పాను. శ్రద్ధగా వింది. ఎర్రబడ్డ కళ్లతో తల ఊపుతూ వింది. తర్వాత వాళ్లమ్మకు వినిపించకుండా గొంతు తగ్గించి, "ఇలా ఎన్నాళ్లాంటీ?" అంది.

నా చేతిలో సూదులున్నాయి, కదపలేను. కుడిచేత్తో ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. "నువ్వు టిఫిన్ తిన్నావా?" అని అడిగాను. లేదంది. బయట బెంచీ మీద మా అత్తగారున్నారు, ఆవిడ దగ్గర డబ్బా ఉంది, వెళ్లి తిను అన్నాను. ఆ పిల్ల వెళ్లింది. అద్దం తలుపులోంచి చూస్తే, అత్తగారు పక్కకి జరిగి చోటిస్తున్నారు. నాకు ఇంకా రెండు గంటలుంది.